గోధుమ రకం పగటి నిడివిని పట్టించుకుంటుందో లేదో తేల్చుకోవడం ఎలా?

గోధుమ పగలు పెరిగేకొద్దీ పూతకు తొందరపడే పంట. కానీ కొన్ని రకాలు పగలు పొట్టిగా ఉన్నా ఆగకుండా కంకి తీస్తాయి. ఈ తేడాలో పెద్ద వాటా పీపీడీ1 అనే జన్యువుది. రొట్టె గోధుమలో ఇది 2ఏ, 2బీ, 2డీ క్రోమోజోముల మీద ఉంటుంది. మీ దగ్గరున్న రకం ఏ కోవలోదో కుండీల్లోనే చూడొచ్చు.

1. ముందు చలి సంగతి తేల్చండి. చాలామంది పొరబడేది ఇక్కడే. శీతాకాలపు రకాలకు చలి తగలకపోతే ఎంత వెలుతురిచ్చినా కంకి రాదు, అది చూసి తప్పంతా పగటి నిడివి మీదకి నెట్టేస్తాం. మొలకెత్తిన గింజల్ని 6 నుంచి 8 వారాలు 4 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాతే నాటండి.

2. పోల్చుకోవడానికి, పగటి నిడివిని పట్టించుకోదని తెలిసిన మరో రకం కూడా పెట్టండి. 1940లలో గోధుమ రకాల శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో పగటి నిడివి వేరుగా ఉండే రెండు ప్రాంతాల్లో ఏడాదికి రెండు పంటలు తీస్తూ ఎంపిక చేశారు. రెండుచోట్లా నిలిచినవే మిగిలాయి కాబట్టి ఆ సంతతి రకాల్లో చాలావరకు పగటి నిడివిని పట్టించుకోవు.

3. అన్ని కుండీలకూ రోజూ 10 గంటలు మంచి వెలుతురు ఇవ్వండి. తర్వాత సగం కుండీల్ని చీకటి పెట్టెలోకి మార్చి, మిగతా సగానికి ఇంకో 6 గంటలు సాదా ఫిలమెంట్ బల్బు మసక వెలుగు చాలు. అప్పుడు రెండు గుంపులకీ అందే ఆహారం దాదాపు సమానం, తేడా గడియారంలోనే. వేడి కూడా సమానంగా ఉండాలి. పెట్టెలో వెలిగించిన టార్చి పెట్టి, గది చీకటి చేసి బయటి నుంచి చూడండి. ఎక్కడైనా సన్నని గీతలా వెలుగు కనిపిస్తే టేపు వేయండి.

4. తేదీతో పాటు ఆకులు లెక్కపెట్టండి. పిలకల్ని వదిలేసి, ప్రధాన కాండం మీద ప్రతి మూడో ఆకుకీ మార్కర్‌తో చుక్క పెడుతూ పోండి. కింది ఆకులు ఎండి రాలిపోతాయి, చుక్కలు లేకపోతే లెక్క తప్పుతుంది. పోటాకు (కంకికి ముందు వచ్చే చివరి ఆకు) వచ్చేసరికి 10 గంటల మొక్కకి ఆకులు బాగా ఎక్కువుంటే ఆ రకం పగటి నిడివికి లోబడేదే. ఆకుల లెక్క దాదాపు ఒకేలా ఉండి, కంకులూ దగ్గర దగ్గర రోజుల్లో వస్తే పట్టించుకోనిది. నడిమధ్యవీ ఉంటాయి, కంగారుపడకండి.

5. వీలుంటే ల్యాబ్‌లో పీసీఆర్ (డీఎన్ఏలో కావలసిన ముక్కకు నకళ్లు తీసి చూసే పరీక్ష) చేయించండి. పీపీడీ-డీ1 (2డీ మీదున్న పీపీడీ1) ముందు భాగంలో 2,089 బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జతలు) తెగిపోయిన రూపంలో, ఆ జన్యువు పనిచేయకూడని వేళల్లో కూడా పనిచేస్తుంది. ఆకులో పూత సంకేతాన్ని లేపి, పొట్టి పగళ్లలోనే కాండం కొస చేత కంకి మొదలుపెట్టిస్తుంది. దీనికి వాడే ప్రామాణిక ప్రైమర్లతో (నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) తెగిన రూపానికి 288, మామూలు రూపానికి 414 బేస్ జతల పట్టీ వస్తుంది. కుండీల్లో తొందరపడిన రకానికి 414 పట్టీయే వస్తే, 2బీ మీది జన్యువు ఎన్ని కాపీలుందో చూడండి. కాపీలు పెరిగినా మొక్క ముందే కంకి తీస్తుంది.