పెయింట్‌బాల్ గాలి ట్యాంకు ప్రెషర్ తేడా వస్తోందా? సమస్య - పరిష్కారం

పెయింట్‌బాల్ (రంగు బాల్స్‌తో కొట్టుకునే ఆట) గన్ సరిగ్గా కొట్టడం లేదనగానే చాలామంది చెయ్యి ముందు ట్యాంకు మీదికే వెళ్తుంది. ఒక షిమ్ము, అంటే పల్చటి వాషర్, వేస్తే స్పీడు పెరుగుతుందని ఎవరో చెబుతారు, వేసేస్తారు, అసలు లోపం అలాగే ఉండిపోతుంది. బాల్ వేగాన్ని సెట్ చేసేది గన్‌లో ఉండే రెగ్యులేటరో, లోపలి వాల్వుని కొట్టే హ్యామర్ స్ప్రింగో. ట్యాంకు రెగ్యులేటర్ పని వేరు. ట్యాంకు సీసాలో 3000 లేదా 4500 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత, చదరపు అంగుళానికి పౌండ్లు) ఉన్న గాలిని గన్ తట్టుకునే స్థాయికి దించి, అక్కడే నిలకడగా ఉంచడం దాని పని. మామూలు ట్యాంకులు 800 నుంచి 850 పీఎస్‌ఐ ఇస్తాయి. లో ప్రెషర్ రకం 450 దగ్గర, ఇంకా తక్కువ రకం 300 దగ్గర ఇస్తుంది.

లోపల జరిగేది తెలిస్తే సగం సమస్యలు అక్కడే తేలిపోతాయి. పిస్టన్ కింద స్ప్రింగ్ ఉంటుంది, అది పిస్టన్‌ని పైకి నెట్టి దారి తెరిచి ఉంచుతుంది. గాలి పై గదిలోకి చేరేకొద్దీ అక్కడి ప్రెషర్ పిస్టన్‌ని కిందికి తొక్కుతుంది. రెండు బలాలూ సమానమైన చోట పిస్టన్ కొస సీటు (దారి మూయడానికి అది ఆనే ముక్క) మీద కూర్చుని దారి మూసేస్తుంది. స్ప్రింగ్ కింద షిమ్ము వేస్తే స్ప్రింగ్ ఇంకా బిగుస్తుంది. దారి మూయడానికి ఎక్కువ ప్రెషర్ కావాలి కాబట్టి అవుట్‌పుట్ పెరుగుతుంది. తీసేస్తే తగ్గుతుంది.

విప్పే ముందు

ట్యాంకు పూర్తిగా ఖాళీ అవ్వాలి. ట్యాంకు మీదున్న చిన్న గేజ్ సున్నా చూపిస్తోందని నమ్మకండి, ముల్లు ఇరుక్కుని ఉండొచ్చు. గన్‌తో కొట్టి ఖాళీ చేశాక, డీగ్యాసర్ (మిగిలిన గాలిని వదిలే పరికరం) బిగించి, ట్యాంకు మూతిలో నొక్కితే గాలి వదిలే పిన్నుని ఇంకోసారి నొక్కి చూడండి. స్క్రూడ్రైవర్‌తో పిన్ను పొడవద్దు.

రెగ్యులేటర్‌కి రెండు మరల జాయింట్లు ఉంటాయి. ఒకటి పై టోపీకీ (బానెట్ అంటారు) కింది బాడీకీ మధ్య, రెండోది బాడీకీ సీసాకీ మధ్య. మన పని మొదటి దానితోనే. రెండో జాయింట్ జోలికి ఎప్పుడూ వెళ్లకూడదు. బాడీ మీద నుంచి సీసా మీదికి గోళ్ల రంగుతో ఒక సన్న గీత గీసి పెట్టుకోండి. ట్యాంకు గన్‌లోంచి తిప్పి తీస్తున్నప్పుడు ఆ గీత విడిపోతే సీసా ఊడుతోందని అర్థం. వెంటనే ఆపేయాలి. ఈ చిన్న గీత ప్రాణాలు కాపాడుతుంది, బద్ధకించకండి. అమెరికా రవాణా శాఖ (డీఓటీ) ముద్ర ఉన్న కార్బన్ ఫైబర్ సీసాలకు సాధారణంగా 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ప్రెషర్‌తో చేసే బలం పరీక్ష), మొత్తం ఆయుష్షు 15 ఏళ్లు. ఆ గడువు దాటిన సీసాకి ప్రెషర్ సెట్ చేసే పనే పెట్టుకోవద్దు.

ఇంకొకటి, టెస్టర్ గేజ్ లేకుండా ఏదీ మార్చవద్దు. ట్యాంకు మరలకి బిగించి అవుట్‌పుట్ చూసే గేజ్ అది, 1500 పీఎస్‌ఐ వరకు చూపించేదైతే సరిపోతుంది.

కాసేపు ఆగి కొడితే మొదటి బాల్ మాత్రం మితిమీరిన వేగం

చాలా మైదానాల్లో వేగం పరిమితి 280 నుంచి 300 ఎఫ్‌పీఎస్ (సెకనుకి అడుగులు) మధ్య ఉంటుంది. వరసగా కొడితే 285 చూపించే గన్, రెండు నిమిషాలు ఆపి కొడితే 310 దాటిందంటే ప్రెషర్ పాకుతోందన్నమాట, దీన్ని క్రీప్ అంటారు. అవతలివాడికి దెబ్బ గట్టిగా తగులుతుంది కాబట్టి ఆట అక్కడే ఆపాలి.

పాకేది ట్యాంకా, గన్ రెగ్యులేటరా అని ముందు తేల్చుకోండి. టెస్టర్ బిగించి, కొద్దిగా గాలి వదిలి, పది నిమిషాలు ముల్లునే చూడండి. 800 దగ్గర ఆగి అక్కడే ఉంటే ట్యాంకు బాగుంది, గన్ రెగ్యులేటర్ సీటు చూసుకోవాలి. 820, 850, 900 అంటూ ఎక్కుతూ పోతే లోపం ట్యాంకుదే.

కారణం దాదాపు ఎప్పుడూ సీటే. ఖాళీ చేసి, బానెట్ విప్పి, సీటుని వెలుతురుకి అటూ ఇటూ తిప్పి చూడండి. పిస్టన్ కొస కూర్చున్న చోట సన్నటి వలయం కనిపించడం మామూలే. ఆ వలయం మీద అడ్డంగా వెంట్రుకంత గీత ఉన్నా, గోటికి చిన్న గరుకు తగిలినా గాలి అందులోంచే జారుతుంది. ఒక్కోసారి గీత ఉండదు, నింపేటప్పుడు వచ్చిన ఇసుక రేణువొకటి అతుక్కుని ఉంటుంది. తుడిచి మళ్లీ చూడండి, తగ్గకపోతే కొత్త సీటు వెయ్యండి. పిస్టన్ అంచు కూడా గీసుకుపోయి ఉంటే దాన్నీ మార్చాలి.

ఇక్కడ షిమ్ము తీసి సర్దేస్తే మొదట్లో అంకె తగ్గుతుంది. కానీ పాకడం ఆగదు. అలా ఎక్కుతూ పోతే 1800 పీఎస్‌ఐ దగ్గర బర్స్ట్ డిస్క్ (ప్రెషర్ మితిమీరితే పగిలే రక్షణ బిళ్ల) పగిలి గాలంతా పెద్ద శబ్దంతో బయటికి పోతుంది. అది పగలడం లోపం కాదు, దాని పనే అది. దాని చోట వేరే రేటింగ్ డిస్క్ పెట్టడం, బోల్టుతో మూసేయడం లాంటివి ఎవరు చెప్పినా వినొద్దు. సీసా వైపు ఇంకో డిస్క్ ఉంటుంది, 3000 ట్యాంకుకి 5000, 4500 ట్యాంకుకి 7500. అవి తారుమారు కాకూడదు.

ఆగి కొట్టినప్పుడు మొదటి బాల్ వేగం తగ్గితే మాత్రం అది వేరే కథ. గన్ లోపలి ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు) అతుక్కుపోతున్నాయి, గ్రీజు పెట్టండి.

వేగంగా కొడుతుంటే బాల్స్ ముందే పడిపోతున్నాయి

విడివిడిగా కొడితే 285, వరసగా కొడితే 250. ఇలా అయినప్పుడు నేను ట్యాంకునే అనుమానించి రెండుసార్లు షిమ్ములు వేశాను. ఫలితం లేదు. చివరికి చూస్తే గన్‌లో ట్యాంకు బిగించే చోట ఉన్న నొక్కుడు మొన ఒక మిల్లీమీటరు అరిగి ఉంది. ట్యాంకు పిన్ను పూర్తిగా లోపలికి దిగడం లేదు, గాలి సందులోంచి వస్తోంది. ఒక్కో బాల్‌కి ఆ గాలి సరిపోతుంది, పదికి సరిపోదు. కాబట్టి ముందు పిన్ను, తర్వాత గన్ రెగ్యులేటర్ ఫిల్టర్, ఆ తర్వాతే ట్యాంకు. సీసాలో మిగిలిన ప్రెషర్ అవుట్‌పుట్ కంటే కిందికి పడిపోయినా ఇలాగే జరుగుతుంది. దానికి మందు మళ్లీ నింపడమే.

టెస్టర్‌లో నిలకడగానే ఉంది, కానీ అంకె తప్పు

షిమ్ములతో పని నిజంగా ఇక్కడే. 800 ఇవ్వాల్సింది 700 దగ్గర కదలకుండా ఉందంటే స్ప్రింగ్ అలిసిపోయింది, లేదా ఇంతకుముందు విప్పినవాళ్లు తప్పుగా పేర్చారు.

బానెట్ తీయగానే ఏదీ కదపకుండా ఫోన్‌తో ఫొటో తీయండి. చాలా రెగ్యులేటర్లలో చుట్ల స్ప్రింగ్ ఉండదు, పళ్లెంలా వంపు తిరిగిన వాషర్ల దొంతర ఉంటుంది. రెండు వాషర్లు ఒకే వైపు వంగి ఒకదాంట్లో ఒకటి కూర్చుంటే బిగువు ఎక్కువ. బోర్లించిన దాని మీద వెల్లకిలా పెట్టినట్టు ఎదురెదురుగా ఉంటే మెత్తన. ఒక్కటి తిరగబడినా అవుట్‌పుట్ బాగా మారిపోతుంది. ముందు మాన్యువల్‌లో ఉన్న వరస ప్రకారం దొంతర సరిచేయండి. అప్పటికీ తక్కువుంటే ఒకే ఒక్క షిమ్ము వేసి, మూసి, కొద్దిగా గాలి నింపి టెస్టర్‌లో చూడండి. ఒక షిమ్ముకి ఎంత పెరుగుతుందో మోడల్‌ని బట్టి మారుతుంది, రెండు ఒకేసారి వేయొద్దు.

మర తిప్పి సెట్ చేసే రకమైతే లోపలికి తిప్పితే పెరుగుతుంది. తగ్గించేటప్పుడు చాలామంది పొరబడేది ఒకటుంది. మర వెనక్కి తిప్పినా గేజ్ దిగదు, పాత గాలి లోపలే ఉంటుంది కాబట్టి. నాలుగైదు బాల్స్ కొట్టాకే అసలు అంకె కనిపిస్తుంది.

గాలి కారుతోంది

బానెట్ పక్కనున్న సన్న రంధ్రంలోంచి బుస్సుమంటే పిస్టన్ ఓ-రింగ్ పోయింది. మార్చి, పెయింట్‌బాల్ గ్రీజు పల్చగా రాయండి. మెషిన్ ఆయిల్, పెట్రోలియం గ్రీజు వద్దు, అంత ప్రెషర్ గాలిలో అవి అంటుకోగలవు. గన్‌కి బిగించే చోట కారితే ట్యాంకు మూతి ఓ-రింగ్, సైజు 015, మారిస్తే చాలు. నింపే నిపుల్ దగ్గర కారితే లోపల మురికి చేరింది.

నింపినప్పుడు 4500 ఉండి, అరగంటకి 4000 అయితే అది లీకు కాదు. వేగంగా నింపితే గాలి వేడెక్కుతుంది, చల్లారాక ప్రెషర్ దిగుతుంది. మెల్లగా నింపండి.

ట్యాంకు బాగుంది, గన్ బాగుంది, కలిపితే పనిచేయడం లేదు

టిప్‌మన్ 98 లాంటి పాత మెకానికల్ గన్‌కి సొంత రెగ్యులేటర్ ఉండదు, 800 దగ్గరే కావాలి. 450 ట్యాంకు బిగిస్తే గన్ మళ్లీ కాక్ అవ్వదు, అంటే తర్వాతి బాల్ కొట్టడానికి సిద్ధం కాదు. తక్కువ ప్రెషర్‌తో నడిచే ఎలక్ట్రానిక్ గన్ ఏదైనా 850తో బ్యారెల్‌లోంచి గాలి వదులుతూ, 450 ట్యాంకుతో ఆగిపోతుంటే, గన్ రెగ్యులేటర్ సీటు అరుగుతోందన్నమాట. ట్యాంకు మార్చి నెట్టుకొచ్చే బదులు ఆ సీటు మార్చండి.