గ్రేట్ డేన్‌ని ఇంటికి తెచ్చుకునే ముందు, తెచ్చుకున్నాక

పూర్వం జర్మనీలో అడవిపందుల వేటకి పెంచిన కుక్కల వంశం ఇది, కానీ ఇప్పటి గ్రేట్ డేన్‌కి మీ ఒళ్లో ఎక్కి కూర్చోవడం కన్నా ముఖ్యమైన పని ఇంకోటి ఉండదు. పెద్దయ్యాక మగది భుజం దగ్గరే 80 సెంటీమీటర్లు దాటుతుంది, 60 నుంచి 80 కిలోల దాకా తూగుతుంది. స్వభావం నెమ్మది. పిల్లలతో బాగా కలిసిపోతుంది, అయినా ప్రేమగా ఒరిగితే చాలు చిన్నపిల్లలు కిందపడతారు, కాబట్టి పెద్దవాళ్లు దగ్గర లేకుండా వాళ్లిద్దరినీ వదలొద్దు. ఆయుష్షు తక్కువ, మామూలుగా 7 నుంచి 10 ఏళ్లు. ఈ సంగతి తెలిసే తెచ్చుకోండి.

అందరూ ఇల్లు సరిపోతుందా అని టెన్షన్ పడతారు గానీ, నా లెక్కలో అసలు జాగ్రత్తంతా ఎముకల దగ్గర, కడుపు దగ్గర ఉంది.

ముందు ఎముకలు. ఎదుగుదల పూర్తవడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది, ఆలోపు వేగంగా బరువు పెరిగితే కీళ్లు దెబ్బతింటాయి. బొద్దుగా ఉంటే ముద్దొస్తుంది, నిజమే, కానీ పక్కటెముకలు చేతికి తగిలేలా సన్నగానే ఉంచండి. పెద్ద జాతి కుక్కపిల్లల కోసం తయారుచేసిన ఫుడ్డే పెట్టండి, దానిమీద కాల్షియం పొడి మాత్రం కలపొద్దు, ఎక్కువైన కాల్షియం ఎముకలు సరిగ్గా పెరగకుండా చేస్తుంది. పరుగు పందేలు, పదే పదే మెట్లెక్కించడం, ఎత్తు నుంచి దూకించడం ఇప్పుడే వద్దు. పట్టీ లాగకుండా నడవడం మాత్రం చిన్నప్పుడే నేర్పాలి, మీకన్నా బరువెక్కాక నేర్పుదామంటే అదే మిమ్మల్ని రోడ్డు మీద ఈడ్చుకెళ్తుంది.

ఇక కడుపు. ఈ జాతిని ఎక్కువగా బలి తీసుకునే జబ్బుల్లో ఒకటి, కడుపు గాలితో ఉబ్బి మెలి తిరిగిపోవడం. వాంతి చేసుకోబోతున్నట్టు పదే పదే కక్కుతుంది కానీ ఏమీ బయటికి రాదు, చొంగ కారుతుంది, ఒకచోట నిలవలేక తిరుగుతూ ఉంటుంది, పొట్ట బిగుసుకుంటుంది. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, కొన్ని గంటల్లోనే ప్రాణం పోవచ్చు, అర్ధరాత్రైనా సరే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిందే. రోజుకి ఒకేసారి గిన్నెనిండా పెట్టకుండా రెండు మూడుసార్లుగా పెట్టండి, గబగబా మింగేసే రకమైతే నెమ్మదిగా తినిపించే గిన్నె వాడండి, తిన్న వెంటనే గెంతులు వేయనివ్వకండి. కడుపుని పొట్ట లోపలి గోడకి కుట్టేసే ఆపరేషన్ ఉంది, గ్యాస్ట్రోపెక్సీ అంటారు. దాంతో ఉబ్బరం రాదని కాదు, మెలి పడటం మాత్రం చాలావరకు తప్పుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేటప్పుడే ఇదీ కలిపి చేయించొచ్చు, డాక్టర్‌ని తప్పకుండా అడగండి.

మిగతాది తేలికే. పొట్టి బొచ్చు, వారానికోసారి దువ్వితే చాలు. మోచేతులు కాయలు కాయకుండా మందమైన పరుపు వేయండి, చొంగ తుడిచే గుడ్డ ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. తోక ఊపుతూ గోడకి కొట్టుకుని రక్తం కారేలా చేసుకోవడం కూడా ఈ కుక్కలకి మామూలే, ఆ గాయం మానడానికి చాలా రోజులు పడుతుంది. గుండె కండరం బలహీనపడే జబ్బు ఈ జాతిలో ఎక్కువ కాబట్టి కుక్కపిల్లని కొనేటప్పుడే తల్లిదండ్రుల గుండె పరీక్షల రిపోర్టులు అడగండి, చూపించనంటే ఇంకోచోట వెతుక్కోండి.