ఇంట్లో రంగుల పరీక్ష – 3వ పాఠం: నీళ్లలో దిగేదా, నూనెలో దిగేదా?

గత పాఠంలో మందారం రసం నిమ్మకాయతో ఎర్రబడడం, సున్నపు తేటతో ఆకుపచ్చగా మారడం చూశాం. ఈసారి పసుపు, నారింజ, ఎరుపు రంగుల వంతు. టమాటా ఎరుపుకీ బీట్‌రూట్ ఎరుపుకీ ఏ చుట్టరికమూ లేదు. అది కంటితో చూస్తే తెలియదు, కరిగిస్తే తెలుస్తుంది.

మూత ఉన్న మూడు గాజు సీసాల్లో సగం వరకు గోరువెచ్చని నీళ్లు పోసి, పైన రెండేసి చెంచాల కొబ్బరినూనె వేయండి. (నువ్వుల నూనె వద్దు, దానికి సొంత రంగు ఉంటుంది.) ఒకదాంట్లో చిటికెడు కారం, ఒకదాంట్లో బీట్‌రూట్ తురుము, ఇంకోదాంట్లో పసుపు వేసి బాగా కుదిపి, అరగంట కదపకుండా ఉంచండి.

కారం రంగు పైనున్న నూనెలోకి వెళ్తుంది. ఆవకాయ మీద తేలే ఎర్రనూనె సంగతీ ఇదే. బీట్‌రూట్ రంగు నీళ్లలోనే ఉండిపోతుంది. పసుపు దగ్గర జాగ్రత్త: నీళ్లు కూడా పచ్చగా కనిపిస్తాయి, కానీ అది చాలావరకు తేలుతున్న పొడే. అసలు రంగు నూనెలోకే దిగుతుంది. నీళ్లు గుడ్డలో వడకట్టి చూడండి.

కారం, క్యారెట్, టమాటా రంగులు కెరోటినాయిడ్లు. 1831లో వాకెన్‌రోడర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు క్యారెట్ నుంచి వేరుచేసిన కెరోటిన్ పేరే ఈ కుటుంబానికి వచ్చింది. క్యారెట్‌లోని ముఖ్యమైన కెరోటిన్ పేరు బీటా కెరోటిన్. దాని అణువులో 40 కార్బన్లు, 56 హైడ్రోజన్లు, అంతే. ఆక్సిజన్ ఒక్కటీ లేదు, అందుకే నీళ్లతో పొసగదు. అణువు పొడవునా ఒకటి విడిచి ఒకటి వచ్చే జంట బంధాలు నీలి కాంతిని పీల్చేస్తాయి. మిగిలిన కాంతి మనకు నారింజగా కనబడుతుంది.

మరి పసుపూ నూనెలో దిగింది కదా, అదీ కెరోటినాయిడేనా? కాదు. కారం, పసుపు సీసాల్లోని నూనెను చెరో చుక్క తెల్ల కాగితం మీద వేసి, సున్నం రాయండి. పసుపు ఎర్రబడుతుంది. మన పారాణి అలా చేసిందే. కారం మారదు. పసుపులోది కుర్‌క్యుమిన్, వేరే జాతి. నూనె పరీక్ష ఒక్కదాన్నే నమ్మకూడదని చెప్పడానికే దీన్ని కలిపాను. కుంకుమపువ్వు ఇంకా గడుసుది: దాని రంగు కెరోటినాయిడ్ వంశానిదే, కానీ అణువుకి రెండు కొసలా చక్కెరలు తగులుకుని ఉండడంతో నీళ్లలో కరుగుతుంది.

జంతువులు దాదాపుగా ఏవీ ఈ కెరోటినాయిడ్ రంగుల్ని సొంతంగా తయారుచేసుకోలేవు, తిండిలోంచే రావాలి. కోడి మొక్కజొన్న తింటే సొన పచ్చబడేది అందుకే. పచ్చిరొయ్య బూడిదరంగులో ఉన్నా అందులో ఎరుపు ముందే ఉంటుంది. ఆస్టాజాంథిన్ అనే కెరోటినాయిడ్‌ని ఒక ప్రోటీన్ పట్టుకుని రంగు మార్చేస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ పట్టు వదిలితే ఎరుపు బయటపడుతుంది. రొయ్యల వేపుడులో నూనె ఎర్రబడడంలో వాటా కారానిదొక్కదానిదే కాదు. కావాలంటే కారం లేకుండా నాలుగు రొయ్యలు పొట్టుతో వేయించి చూడండి.

వచ్చే పాఠానికి ఎర్ర తోటకూర, బచ్చలి పండు, టమాటా ఇలాగే పరీక్షించి, ఏది ఏ పొరలో దిగిందో రాసి పెట్టుకోండి. తోటకూర ఆకులో ఒకటికి మించి రంగులుంటాయి, రెండు పొరలూ చూడాలి. వాటిని వడపోత కాగితం మీద విడదీయడం అప్పుడు చేద్దాం.