ఇంగ్లండ్‌లో మీ ఊరి పాత భవనాన్ని లోకల్ లిస్ట్‌లో ఎలా చేర్పించాలి?

ఇంగ్లండ్‌లో పాత కట్టడాలకు ఒక జాతీయ జాబితా ఉంది. దాన్ని హిస్టారిక్ ఇంగ్లండ్ అనే ప్రభుత్వ సంస్థ నిర్వహిస్తుంది. అందులో ఉన్న భవనాన్ని అనుమతి లేకుండా మార్చడం నేరం. ఆ స్థాయికి చేరని వాటి కోసం చాలా కౌన్సిళ్లు (స్థానిక పాలక సంస్థలు) సొంతంగా లోకల్ లిస్ట్ తయారుచేసుకుంటాయి. వీధి మలుపులో పబ్బు, చిన్న చాపెల్, పాత బడి లాంటివి అందులో ఉంటాయి. ఊరి జనం రోజూ మెలిగిన చోట్లు ఇవే. ఎవరూ పట్టించుకోకపోతే ముందుగా కూలేవీ ఇవే.

మొదట కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ప్లానింగ్ (నిర్మాణ అనుమతుల) విభాగం తెరిచి, మీరు అనుకుంటున్న భవనం ఈ రెండింటిలో దేనిలోనైనా ఇప్పటికే ఉందేమో చూడండి. మీ కౌన్సిల్‌కు లోకల్ లిస్టే లేకపోతే అక్కడ పాత కట్టడాల పరిరక్షణ చూసే కన్సర్వేషన్ ఆఫీసర్‌కు రాసి అడగండి.

తర్వాత భవనం ఎదుట తీరిగ్గా నిలబడండి. అసలు పని ఇదే. పైకీ కిందికీ జరిపే కిటికీల్లో ఒక్కో చట్రానికి ఆరేసి చిన్న అద్దాలుంటే అది జార్జియన్ కాలపు (18వ శతాబ్దం, 19వ శతాబ్దం మొదట్లో) పద్ధతి. 1845లో గాజు మీద పన్ను ఎత్తేశాక పెద్ద అద్దాలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. వాటి బరువుకు చట్రం కీళ్లు వదులు కాకుండా పై చట్రం కింది మూలల్లో చిన్న చెక్క కొమ్ములు వదిలేవారు. ఆ కొమ్ములు కనిపిస్తే కిటికీ చాలావరకు విక్టోరియన్ కాలానిదో (1837–1901), ఆ తర్వాతిదో. అయితే కిటికీ వయసే ఇంటి వయసు అనుకోవద్దు, మధ్యలో మార్చి ఉండవచ్చు. ఇటుకలతో మూసేసిన కిటికీ కనిపించగానే 1696 నుంచి 1851 వరకు కిటికీల లెక్కన వసూలు చేసిన కిటికీ పన్ను గుర్తొస్తుంది. కానీ ముఖభాగం రెండు వైపులా సమంగా కనబడాలని మొదటే అలా కట్టినవీ ఉన్నాయి.

గోడను దగ్గరగా చూడండి. ప్రతి వరుసలో ఇటుక పొడుగు వైపు, పొట్టి వైపు ఒకటి విడిచి ఒకటి వస్తుంటే అది ఫ్లెమిష్ బాండ్ అనే పాత పేర్పు. అన్నీ పొడుగు వైపే కనిపిస్తే సాధారణంగా అది 20వ శతాబ్దపు బోలు గోడ (మధ్యలో ఖాళీ వదిలి రెండు పొరలుగా కట్టింది). వీలైతే వెనక సందులోంచి కూడా చూడండి. ముఖభాగానికి కొత్త సోకులు చేసినా వెనక గోడను చాలాసార్లు ఉన్నదున్నట్టే వదిలేస్తారు. తలుపుల మీద చెక్కిన అక్షరాలను ఫొటో తీసుకోండి. 1870 విద్యా చట్టం తర్వాత వచ్చిన ఎన్నో బళ్లలో ‘బాయ్స్’, ‘గర్ల్స్’ అని వేర్వేరు ద్వారాల మీద ఇప్పటికీ కనిపిస్తుంది.

ఇక కాగితాలు. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో ఇంగ్లండ్ పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు కూడా ఉచితంగా దొరుకుతాయి. వరుస ముద్రణలు పోల్చితే భవనం ఏ రెండు సర్వేల మధ్య వచ్చిందో తేలిపోతుంది. అక్కడ ఎవరు బతికారో 1911, 1921 జనగణన పత్రాలు చెబుతాయి. 1931 నాటివి అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, వాటి కోసం వెతకకండి.

దరఖాస్తులో ‘చాలా అందంగా ఉంది’ అని రాస్తే సరిపోదు. వయసు, అరుదుదనం, కట్టుబడి, ఊరి చరిత్రతో సంబంధం వంటి కౌన్సిల్ ప్రమాణాలకు ఒక్కొక్కదానికీ ఆధారం చూపండి. యజమానికి ముందే ఒక మాట చెప్పడం మర్యాద. తరచూ పాత ఫొటోలూ దస్తావేజులూ ఆయన దగ్గరే ఉంటాయి.

జాబితాలోకి ఎక్కాక కూడా కన్నేసి ఉంచాలి. లోకల్ లిస్ట్‌లో ఉన్నంత మాత్రాన ప్రత్యేక అనుమతి అవసరం రాదు. ప్లానింగ్ దరఖాస్తు వచ్చినప్పుడు భవనం విలువను కౌన్సిల్ లెక్కలోకి తీసుకుంటుంది, అంతే. కొన్ని భవనాలను పూర్తి ప్లానింగ్ అనుమతి లేకుండానే కూల్చవచ్చు. 2017 నుంచి పబ్బులకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. మిగతావాటికి ఆ వెసులుబాటును తీసేసే ఆర్టికల్ 4 ఆదేశం ఇమ్మని కౌన్సిల్‌ను కోరవచ్చు. ఆ వీధికి సంబంధించిన దరఖాస్తుల ఈమెయిల్ అలర్టులు పెట్టుకోండి. అభిప్రాయం చెప్పడానికి మామూలుగా 21 రోజులే గడువు ఉంటుంది. మీ దరఖాస్తులోని ఆధారాలనే అక్కడ మళ్లీ జతచేయండి.