తల తిరిగే జబ్బుతో అడవికీ కొండకీ వెళ్లాలంటే

షూ లేసు ఊడిపోయిందని వంగి కట్టుకుని తల ఎత్తానో లేదో, ఎదురుగా ఉన్న కొండ మొత్తం గిర్రున తిరగడం మొదలుపెట్టింది. చేతికి ఒక చెట్టు మొదలు దొరికింది కాబట్టి సరిపోయింది. దాన్ని వాటేసుకుని కూలబడి, కళ్లకి జానెడు దూరంలో బెరడు పగులులో పాకుతున్న చీమల్నే చూస్తూ ఉండిపోయాను. ఆ చీమలన్నీ ఒక పక్కకి జారిపోయినట్టు, టక్కున మళ్లీ మొదటి చోటికి వచ్చేసినట్టు, మళ్లీ జారినట్టు. జారేది చీమలు కాదు, నా కనుగుడ్లు అని తర్వాత డాక్టరు చెప్తే తెలిసింది. అంతా కలిపి అరనిమిషం కూడా లేదు. ఆ తర్వాత గంటసేపు మాత్రం పడవలో నిలబడ్డట్టే ఉంది.

ఆ అరనిమిషం మంచం మీద ఉండగా వస్తే పెద్దగా ఏమీ కాదు. అడుగు వెడల్పు బాట మీదో, చెట్టు మీద మంచె ఎక్కుతుంటేనో, చేతిలో తూటాలున్న తుపాకీతోనో వస్తే కథ వేరే. తిరుగుడు ఎప్పుడొస్తుందో చాలాసార్లు మన చేతిలో ఉండదు, అది వచ్చేసరికి మనం ఎక్కడ, ఎలా ఉన్నామన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. నేను ట్రెక్కింగ్ మానకుండా నెట్టుకొస్తున్నది ఆ ఒక్క లెక్క మీదే.

ముందు మీకున్నది ఏంటో తేల్చుకోండి

వర్టిగో అంటే ఎత్తంటే భయం అనుకుంటారు చాలామంది. కాదు. ఎత్తు భయం వేరే. మన భాషతో ఇంకో చిక్కుంది, లేచి నిలబడగానే చూపు చీకటి కమ్మినా "కళ్లు తిరిగాయి" అంటాం, గది మొత్తం రంగులరాట్నంలా తిరిగినా "కళ్లు తిరిగాయి" అనే అంటాం. డాక్టరు దగ్గర అలా చెప్తే తప్పు మందు పడే అవకాశం ఉంది. మొదటిది ఎక్కువగా ఒంట్లో నీళ్లు తగ్గడం, బీపీ పడిపోవడం లాంటి వాటి పని. రెండోదే వర్టిగో, చుట్టూ ఉన్నవో మనమో తిరుగుతున్నట్టు అనిపించడం.

అది ఎంతసేపు ఉంటుందో గమనించండి, సగం విషయం అక్కడే తెలిసిపోతుంది. పక్క మీద ఒత్తిగిలినప్పుడో, వంగినప్పుడో, పైకి చూసినప్పుడో వచ్చి నిమిషంలోపు తగ్గిపోతే ఎక్కువగా బీపీపీవీ అయి ఉంటుంది. లోపలి చెవిలో ఒక చోట అతుక్కుని ఉండాల్సిన సన్నటి కాల్షియం పలుకులు ఊడి, తల తిప్పడాన్ని కనిపెట్టే వంపు గొట్టాల్లోకి దొర్లడం వల్ల వచ్చేది. వర్టిగోల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటలు ఉండి, దాంతోపాటు ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి తగ్గడం ఉంటే మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు కావచ్చు. రోజుల తరబడి ఆగకుండా తిరిగితే చెవి నరం వాపు కావచ్చు. తలనొప్పితోనో, వెలుతురు పడకపోవడంతోనో కలిసి వస్తే మైగ్రేన్ రకం. వీటిలో మీది ఏదో తెలియకుండా అడవికి బయల్దేరడం నాకైతే నచ్చదు. ఎందుకంటే బీపీపీవీ వాళ్లు తలని కాపాడుకుంటే చాలు, మెనియర్స్ వాళ్లకి ఏ కదలికా లేకుండానే రావచ్చు, అలాంటప్పుడు ఒంటరిగా వెళ్లడం అనే మాటే ఉండకూడదు.

బీపీపీవీ అని తేలితే అదృష్టవంతులే, దీనికి ఎప్లీ అని ఒక విన్యాసం ఉంది. జబ్బు చెవి వైపు తల 45 డిగ్రీలు తిప్పి, వెనక్కి వాలి పడుకుని తల కొద్దిగా కిందికి వేలాడేలా ఉంచి, తర్వాత తలని రెండో పక్కకి 90 డిగ్రీలు తిప్పి, ఆపైన ఒళ్లు కూడా అదే పక్కకి ఒత్తిగిల్లి ముక్కు నేల వైపు పెట్టి, చివరికి లేచి కూర్చోవాలి. ప్రతి భంగిమలో అరనిమిషం నుంచి నిమిషం ఆగాలి. పలుకులు దొర్లుకుంటూ వాటి చోటికి చేరతాయి. మొదటిసారి డాక్టరు దగ్గరో ఫిజియోథెరపిస్టు దగ్గరో చేయించుకోండి, ఏ చెవో వాళ్లే తేలుస్తారు, తప్పు చెవికి చేస్తే లాభం లేదు, మెడ నొప్పి ఉన్నవాళ్లు సొంతంగా అసలు చేయకూడదు. నేర్చుకున్నాక టెంట్‌లో భుజాల కింద దుప్పటి మడత పెట్టుకుని కూడా చేసుకోవచ్చు. కానీ చేసిన వెంటనే లేచి నడక మొదలుపెట్టకండి, కాసేపు తూలుతుంది, ఒక్కోసారి ఒకట్రెండు రోజులు కూడా.

మాత్రల సంగతి. సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, మెక్లిజిన్ లాంటివి తిరుగుడునీ వికారాన్నీ అణచిపెడతాయి గానీ ఆ పలుకుల్ని కదపలేవు. పైగా నిద్రమత్తు. అవి వేసుకున్న రోజున డ్రైవింగూ, మంచె ఎక్కడమూ, తుపాకీ పట్టడమూ వద్దు. రోజుల తరబడి వాడితే మెదడు సర్దుకునే పని కూడా నెమ్మదిస్తుంది. మీ ఒంటికి ఎంత మత్తు ఇస్తుందో ఇంట్లో తెలుసుకోండి, కొండ మీద కాదు.

నడిచేటప్పుడు

మనం తూలకుండా నిలబడటానికి మెదడు మూడు చోట్ల నుంచి సమాచారం తీసుకుంటుంది: కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ. మనకి చెవి ఇప్పటికే నమ్మకంగా లేదు. చీకట్లో నడిస్తే కళ్లు కూడా పోయినట్టే. మెత్తటి నాచు మీదో, ఇసుకలోనో, రాళ్ల గుట్ట మీదో చీకట్లో నడిస్తే మూడూ పోయినట్టు. అందుకే తెల్లారకముందు బయల్దేరే అలవాటుంటే మానుకోండి, కుదరకపోతే బాగా వెలుగిచ్చే హెడ్‌ల్యాంప్‌తో పాటు చేతిలో ఒక టార్చ్ కూడా ఉంచుకోండి. మలుపు దగ్గర తల విసురుగా తిప్పి వెలుతురు వేయడం కన్నా టార్చ్ తిప్పడం మేలు.

కర్రలు ఒకటి కాదు, రెండు. మోకాళ్ల కోసం అనుకుంటాం గానీ నాకైతే అవి అదనపు పాదాలు. వేలి కొనతో గోడని ఊరికే తాకినా ఒళ్లు ఊగడం బాగా తగ్గుతుంది, బరువు మోపక్కర్లేదు, నేల ఎక్కడుందో మెదడుకి కబురు అందితే చాలు. కర్ర చేసేది అదే పని.

వాగు దాటేటప్పుడు పారే నీళ్లని చూడకండి. ఆరోగ్యంగా ఉన్నవాడికే తానే కొట్టుకుపోతున్నట్టు అనిపిస్తుంది, మన సంగతి చెప్పక్కర్లేదు. అవతలి ఒడ్డున కదలని బండ ఒకటి చూసుకుని, కాలు పెట్టే చోటు ఓరగా చూసుకుంటూ, ముందు కర్ర తర్వాత కాలు. నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి, జలపాతం కింద తల పెట్టేవాళ్లు చదవండి. చల్లటి నీళ్లు ఒక చెవిలోకి మాత్రమే గట్టిగా వెళ్తే ఆ చెవి చల్లబడి, తల కదలకపోయినా తిరుగుతున్నట్టు మెదడుకి తప్పుడు కబురు వెళ్తుంది. రాబర్ట్ బరానీ అనే డాక్టరు రోగుల చెవులు కడిగేటప్పుడు ఇది గమనించాడు, లోపలి చెవి మీద చేసిన పరిశోధనకి 1914 నోబెల్ బహుమతి ఆయనకే వచ్చింది. కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్లకి ఇంకా ఎక్కువ. నీళ్లలో మునిగి ఉండగా తిరిగితే పైకేదో కిందికేదో తెలియదు. స్నానం చెంబుతో చేసినా పుణ్యమే.

లేసుల విషయం మొదట్లోనే చెప్పాను. ఇప్పుడు పాదాన్ని ఎత్తు బండ మీద పెట్టి, తల నిలువుగా ఉంచి కట్టుకుంటాను. కింద పడ్డ వస్తువు కావాలంటే వంగను, గొంతుకూర్చుంటాను.

పిట్టలు, బైనాక్యులర్లు

నెత్తి మీది కొమ్మలోకి మెడ వంచి చూడటం మాలాంటి వాళ్లకి అన్నిటికంటే పాడు పని, దురదృష్టం ఏంటంటే పిట్టలన్నీ అక్కడే ఉంటాయి. నిటారుగా పైకి చూడాల్సిన చోటి నుంచి నాలుగు అడుగులు వెనక్కి జరిగితే అదే కొమ్మ ఏటవాలుగా కనిపిస్తుంది. జరిగే చోటు లేకపోతే వీపు చెట్టుకి ఆనించి, కాళ్లు ఎడంగా పెట్టి, నెమ్మదిగా తల ఎత్తండి. బైనాక్యులర్ 10 రెట్లది కాకుండా 8 రెట్లది తీసుకోండి, పెద్దది చేసేది పిట్టనే కాదు, మీ చెయ్యి వణుకుని కూడా. కళ్లకి పెట్టుకుని అడవంతా ఊడ్చినట్టు తిప్పకుండా, ముందు ఉత్త కళ్లతో చోటు పట్టుకుని తర్వాత ఎత్తండి. కళ్లకి పెట్టుకుని ఒక్క అడుగు కూడా వేయకండి.

తుపాకీ, మంచె

వేట చట్టప్రకారం అనుమతి ఉన్న చోట, లైసెన్సుతో వెళ్లేవాళ్లకి ఈ మాటలు. నడిచేటప్పుడు తుపాకీలో తూటా ఉండకూడదు. కూర్చునే చోటుకి చేరి, వీపు ఆనాక నింపుకోండి, లేచేముందు తీసేయండి. తిరుగుడు మొదలైందని తెలిసిన క్షణంలోనే వేలు ట్రిగ్గర్ దగ్గర్నుంచి తీసేసి, సేఫ్టీ వేసి, గొట్టం మనుషులు లేని వైపు ఉండేలా నేల మీద పడుకోబెట్టి, అప్పుడు కూర్చోండి. దాన్నే చేతికర్రలా ఊతం చేసుకోవడం చూశాను, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మంచె విషయంలో నేను మొండివాణ్ణే: ఈ మధ్య ఒక్కసారైనా తిరుగుడు వచ్చి ఉంటే ఎక్కొద్దు, నేల మీదే మరుగు కట్టుకుని కూర్చోండి. చాలాకాలంగా రాకుండా ఉండి ఎక్కేవాళ్లు ఒంటికి పూర్తి హార్నెస్ వేసుకుని, పాదం నేల వదలకముందే తాడుకి తగిలించుకోవాలి, మళ్లీ నేల తాకేదాకా తీయకూడదు. నిచ్చెన మీంచి మంచె మీదికి అడుగు మార్చే ఆ క్షణం మరీ ప్రమాదం. తుపాకీ ఖాళీ చేసి, తర్వాత తాడుతో పైకి లాక్కోండి.

పేలుడు చప్పుడు 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవులకి రక్షణ తప్పనిసరి. పేల్చిన ప్రతిసారీ ఒక్క క్షణం లోకం ఊగినట్టు అనిపిస్తుంటే మాత్రం దాన్ని అలసట అని వదిలేయకండి. లోపలి చెవి మీది ఎముక ఒక చోట పలచబడి చిల్లు పడితే పెద్ద శబ్దానికి అలా అవుతుంది, 1998లో లాయిడ్ మైనర్ అనే అమెరికా చెవి డాక్టరు బృందం దీన్ని వివరించింది. చెవి డాక్టరుకి ఆ మాట ప్రత్యేకంగా చెప్పండి.

వచ్చేసిందా, ఇలా చేయండి

కూర్చోండి. నాలుగు అడుగులు వేసి మంచి చోటు చూసుకుందాం అనుకోకండి, ఉన్నచోటే. వాలు మీద ఉంటే కొండ వైపుకి ఒరిగి కూర్చోండి. తల కదపకుండా, దగ్గర్లో కదలని ఒక చుక్కని చూడండి, రాయి మీది మచ్చైనా సరే. అరచేతులు నేలకి ఆనించండి. లోపల అంకెలు లెక్కపెట్టండి, ఇది చాలా పనికొస్తుంది, టెన్షన్‌లో ఇరవై సెకన్లు ఇరవై నిమిషాల్లా అనిపిస్తాయి, తర్వాత డాక్టరుకి చెప్పడానికి నిజమైన లెక్క ఉంటుంది. ఆగాక ఇంకో పది నిమిషాలు కూర్చోండి. వాంతులైతే ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగండి.

పక్కనున్నవాడికి ముందే చెప్పి ఉంచండి: చెయ్యి పైకెత్తితే నాకు వచ్చిందని అర్థం, వచ్చి భుజం పట్టుకో, నిలబెట్టే ప్రయత్నం చేయకు. చెప్పకపోతే ప్రేమతో చంకలో చేతులేసి లేపేస్తారు.

కానీ మాట ముద్దగా రావడం, ఒక్కటి రెండుగా కనిపించడం, మూతి పక్కకి లాగడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, మింగలేకపోవడం, ఎప్పుడూ లేని భయంకరమైన తలనొప్పి, పట్టుకుని కూడా నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా అది చెవి జబ్బని సరిపెట్టుకోకండి, పక్షవాతం కావచ్చు, ఎంత తొందరగా ఆసుపత్రికి చేరితే అంత మంచిది. 2500 మీటర్లు దాటిన ఎత్తులో తలనొప్పి, వికారంతో పాటు మైకంగా ఉంటే ఎత్తు పడటం లేదని అనుమానించండి, పైకి వెళ్లడం ఆపేయండి. ఒక కాలి మడమ రెండో కాలి వేళ్లకి తగిలేలా గీత మీద నడిచి చూడమనండి, తాగినవాడిలా తూలుతుంటే రాత్రైనా సరే కిందికి దించాల్సిందే.

టెంట్‌లో, ఇంట్లో

బీపీపీవీ వాళ్లకి రాత్రి ఒత్తిగిలినప్పుడూ, పొద్దున లేచేటప్పుడూ ఎక్కువ. తల కింద బట్టల సంచి పెట్టి కాస్త ఎత్తు చేసుకోండి, జబ్బు చెవి కిందికి రాకుండా పడుకోండి. లేచాక టెంట్ జిప్పు తీయడానికి తల ముందుకు వంచేముందు రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి.

ఊరికి తిరిగొచ్చాక చేయాల్సింది, బొటనవేలు చేతి దూరంలో పెట్టి, చూపు దాని మీదే ఉంచి, తల కుడికీ ఎడమకీ తిప్పడం. మొదట్లో అరనిమిషం, రోజుకి మూడు నాలుగు సార్లు. కొంచెం తల తిరిగినట్టు అనిపించాలి, అలా అనిపిస్తేనే మెదడు నేర్చుకుంటున్నట్టు. ఇంట్లో గది మూలన, పడితే గోడ ఆపేలా, దిండు మీద నిలబడి కళ్లు మూసుకోవడం కూడా చేస్తాను, మొదటి వారం మూడు సెకన్లు నిలబడలేకపోయాను. మళ్లీ కొండకి వెళ్లే ముందు నేను పెట్టుకున్న పరీక్ష అదే, ముప్పై సెకన్లు. అది దాటిన వారమే మళ్లీ ఆ చెట్టు దాకా వెళ్లొచ్చాను, గంటలో వెనక్కి రాగలిగే దూరం, తోడుగా ఇద్దరితో, లేసులకి రెండేసి ముళ్లు వేసి.