పాత సామాన్లతో పెరట్లో కోళ్ళ గూడు ఎలగ కట్టుకోవాలి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, కవిటి దగ్గర పల్లెటూరు. అమ్మకి నాటుకోళ్ళంటే ప్రాణం. మొదట్లో నేను చుట్టూ మామూలు కోడి జాలి కొట్టేసి గూడు అయిపోయిందనుకున్నాను, ఒక రాత్రి ముంగిస జాలి అంచు కింద సందులోంచి దూరి నాలుగు పెట్టల్ని పీకలు కొరికి చంపేసింది, తిన్నది ఒకదాన్నే. పొద్దున్న తలుపు తీసి అమ్మ అక్కడే కూలబడిపోయింది. అప్పట్నించి నా లెక్క ఒకటే: కాళ్ళు, నేల, గోడలు, కప్పు రేకులు అన్నీ పాతవే వాడొచ్చు, జాలి, తలుపు గెడ, కప్పుని పట్టుకునే బోల్టులు మాత్రం కొత్తవే కొనాలి. ఈ మూడింటి దగ్గర పొదుపు చెయ్యకండి.

ముందు సామాను పోగెయ్యాలి. ఇప్పుడు మా వైపు ఏ ఊరు చూసినా పాత పెంకుటిళ్ళు పడగొట్టి స్లాబులు వేస్తున్నారు కదా, అక్కడ తాటి వాసాలు, దూలాలు, వీధి తలుపులు, కిటికీలు గుట్టలుగా పడుంటాయి, చాలామంది వాసాల్ని పొయ్యిలోకి కొట్టేస్తారు, ముందే వెళ్ళి అడిగితే ఊరికే ఇస్తారు లేదా ఏదో కొంత తీసుకుంటారు. తాటి వాసం తీసుకునేటప్పుడు కోసిన కొస చూడండి, నల్ల చారలు దట్టంగా ఉంటే చేవ ఉన్నట్టు, మేకుతో పొడిస్తే దిగకూడదు. మెత్తగా దిగిపోతే అది పొయ్యికే. సరుగుడు కర్రలు సెంట్రింగ్ పనివాళ్ళ దగ్గర మిగిలినవి దొరుకుతాయి, రేకులు పాత ఇనుప సామాన్ల కొట్టులో కేజీల లెక్కన ఇస్తారు.

తేకూడనివి కూడా చెప్తాను. పగిలిన సిమెంటు రేకులు వద్దు, వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినా బెజ్జం వేసినా లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే జన్మకి పోదు. రంగు పెచ్చులు లేస్తున్న పాత తలుపులుంటే ఆ రంగు కోళ్ళు పొడుచుకు తింటాయి, పాతకాలం రంగుల్లో సీసం ఉంటుంది కాబట్టి రంగు లేని వైపు లోపలికి వచ్చేలాగ తిప్పి వాడండి, రెండువైపులా రంగుంటే వదిలేయండి. థర్మోకోల్ ముక్క కూడా గూటి చుట్టుపక్కల ఉండకూడదు, కోళ్ళు దాన్ని వదలకుండా తింటాయి.

కొలతలు ముందే కాగితం మీద గీసుకుని దానికి సామాను వెతకడం తప్పు, దొరికిన సామానుని బట్టే కొలతలు వేసుకోవాలి. నాకు రెండు రెక్కల వీధి తలుపు దొరికింది, ఆ రెండు రెక్కలూ పక్కపక్కన పెడితే 6 అడుగులు బై 4 అడుగులు వచ్చింది, అదే నా గూటి నేల అయింది. ఒక్కో కోడికి లోపల 3 చదరపు అడుగుల పైన చోటు ఉంటే ఇరుకు ఉండదు, కాబట్టి 24 చదరపు అడుగుల్లో 6 పెట్టలు, ఒక పుంజు హాయిగా ఉంటాయి, పగలు ఎలాగూ బయటే తిరుగుతాయి. పొడుగు వైపు తూర్పు పడమరలకి ఉండేలాగ పెట్టుకోండి, ఎండ నేరుగా లోపల పడదు. మే నెలలో మన ఉక్కపోతకి కోడి చలికంటే వేడికే తొందరగా పోతుంది.

ఇక స్తంభాలు. ముందువైపు రెండు 8 అడుగులవి, వెనకవైపు రెండు 7 అడుగులవి కోసుకోండి, అందులో 2 అడుగులు భూమిలోకి, నేలకీ గూటి అడుక్కీ మధ్య 2 అడుగులు ఖాళీ, ఆ పైన గూడు. ముందు వెనకలకి అడుగు తేడా ఉంటే వాన నీళ్ళు వెనక్కి జారిపోతాయి. మా ఉద్దానంలో చాలాచోట్ల ఇసక నేల, ఊరికే పాతితే గాలికి పీక్కుపోతుంది, అందుకని స్తంభం అడుగున అడ్డంగా ఒక మూరెడు ముక్క మేకులతో కొట్టి గోతిలో దించండి, దాని మీద రాళ్ళు వేసి కొంచెం కొంచెం మట్టి పోస్తూ గునపం మొద్దుతో కూరాలి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకి 140 నించి 150 కిలోమీటర్లు, కొబ్బరి చెట్లే వేళ్ళతో లేచిపోయాయి. ఏటా అక్టోబరు వస్తే మనకి ఈ భయం ఉండనే ఉంది, కాబట్టి ఇక్కడ గూడు కట్టేవాళ్ళు ఇది మర్చిపోకూడదు. కాళ్ళకి నేల నించి అడుగున్నర ఎత్తులో రేకు ముక్క చుట్టండి, కొబ్బరి చెట్టుకి ఎలుకలెక్కకుండా రేకు చుడతాం చూడండి, అలగే.

అడ్డంగా వాసాలు బిగించి, వాటి మీద తలుపు రెక్కలు పరిచి, రెక్కల మధ్య సందుని పొడుగాటి చెక్కపట్టీతో మూసేయండి.

జాలి దగ్గర కాస్త ఓపికగా చెప్తాను. ఆరు మూలల కంతలుండే కోడి జాలి కోళ్ళని లోపల ఉంచుతుందే గానీ బయటివాటిని ఆపదు, కుక్క పంటితో లాగితే చిరుగుతుంది, పాము, ఎలుక ఆ కంతల్లోంచే వచ్చేస్తాయి. అరంగుళం కంతలున్న జీఐ వెల్డ్ మెష్, అంటే తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన గట్టి ఇనుప జాలి, అడిగి తీసుకోండి. ఉత్తర దక్షిణాలు రెండు పొడుగు వైపులా పైనుంచి కిందదాకా మెష్, తూర్పు పడమరలకి పాత కిటికీ రెక్కలో చెక్కలో కొట్టి మూసేయొచ్చు. మెష్‌కి ఉత్త మేకులు వంచి కొడితే నిలవదు, మెష్ అంచు మీద సన్నటి చెక్కపట్టీ పెట్టి ఆ పట్టీలోంచి స్క్రూలు బిగించాలి, జానెడుకి ఒకటి చొప్పున. ఊచల కిటికీని తలుపుగా వాడితే ఊచల మీద కూడా మెష్ కొట్టాలి. అంతా అయ్యాక రెండు వేళ్ళు పట్టే సందు ఎక్కడైనా ఉందేమో మూలమూలకీ చేత్తో తడిమి చూడండి, ముంగిసకి అంతే చాలు. గెడకి చిన్న తాళమో పిన్నో పెట్టుకోండి, ఊరికే తిప్పే చెక్కముక్క గెడని కుక్క ముట్టెతో తోసేస్తుంది.

కప్పుకి 6 అడుగుల రేకులు 3 సరిపోతాయి, ముందూ వెనకా ఒక్కో అడుగు బయటికి వస్తే చాలు, అంతకంటే వస్తే గాలి కిందనించి పట్టి లేపేస్తుంది. రేకు ఉబ్బెత్తు మీదే జె హుక్కులు (కొక్కెంలాగ వంగిన బోల్టులు), వాషర్లు వేసి బిగించండి, పల్లంలో వేస్తే నీళ్ళు కారతాయి. పాత మేకుల బెజ్జాలు ఎంసీల్ ముద్దతో మూసేయండి. ఆ పైన రేకుల మీదనించి జీఐ తీగ వేసి స్తంభాలకి మెలిపెట్టి కట్టేస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. జల్లు కొట్టకుండా పాత ఫ్లెక్సీ బేనర్లు మెష్‌కి చాపలాగ చుట్టి వదిలేలా కట్టుకోండి, కానీ పైన జానెడు ఎప్పుడూ తెరిచే ఉండాలి, లేకపోతే రెట్ట ఘాటు లోపలే ఉండిపోయి కోళ్ళకి ఊపిరిలో గురగుర మొదలవుతుంది.

లోపల పడుకోడానికి రెండంగుళాల లావు సరుగుడు కర్రలు రెండు, ఒకే ఎత్తులో, మధ్యలో అడుగున్నర ఎడం పెట్టి బిగించండి, ఒక్కో కోడికి 10 అంగుళాలు లెక్క. గుడ్ల గూళ్ళు ఈ కర్రలకంటే కిందే ఉండాలి, పైన పెడితే రాత్రి వాటిల్లోనే పడుకుని గుడ్లన్నీ రెట్టపాలు చేస్తాయి. 15 కేజీల నూనె డబ్బా పక్కకి పడుకోబెట్టి మూతవైపు కోసేసి, అంచుని సుత్తితో లోపలికి మడిచి, గడ్డి వేస్తే నాటుపెట్టకి బాగుంటుంది, 6 పెట్టలకి రెండు చాలు. వనరాజాలాంటి పెద్ద కోళ్ళయితే 12 అంగుళాల చెక్కపెట్టె చెయ్యండి. నేల మీద నాలుగు వేళ్ళ మందాన వరి ఊక, గోడలకి లోపల సున్నం, కోడిపేలు తగ్గుతాయి. బయట ఒక మూల బూడిద, ఇసక కలిపి పెడితే అందులో అవే పొర్లుతాయి.

కోళ్ళని లోపలికి వదిలే ముందు పాత స్పీకర్‌లో అయస్కాంతం తీసి నేలంతా తిప్పండి. విరిగిన మేకులు, మెష్ తుంపులు మెరుస్తుంటే కోళ్ళు మింగేస్తాయి, కడుపులో గుచ్చుకుని చచ్చిపోతాయి.

మొదటి మూడు నాలుగు రోజులు బయటికి వదలకుండా మేత, నీళ్ళు లోపలే పెట్టండి, అప్పుడే ఇది మన చోటు అని వాటికి పడుతుంది. అయిదో రోజు సాయంత్రం పొద్దు వాలడానికి గంట ముందు తలుపు తీయండి, దూరం పోవు, చీకటి పడేసరికి ఒక్కొక్కటీ ఎక్కి వచ్చేస్తాయి. మావి వచ్చిన రోజు అమ్మ గుమ్మంలో నిలబడి ఏడూ లెక్కపెట్టుకుని, "గెడ ఏసినావా నాయినా?" అని రెండుసార్లు అడిగింది. వేశాను, పిన్ను కూడా పెట్టాను.