వీధి ఫొటోగ్రఫీ – 4వ పాఠం: సెక్యూరిటీ గార్డు ఆపినప్పుడు

గత పాఠంలో రద్దీ బజారులో నలుగురి మధ్య నిలబడి ఫొటోలు తీయడం సాధన చేశాం. ఆ సాధనలో ఉన్నవారికి "ఇక్కడ ఫొటోలు తీయకూడదు" అనే మాట ఎప్పుడో ఒకప్పుడు ఎదురుకాక తప్పదు. బదులు చెప్పే ముందు, మీరు నిలబడిన నేల ఎవరిదో చూసుకోండి.

హైదరాబాదులోని చాలా మాల్స్‌కు ముందువైపు ప్రహరీ ఉండదు. ఫుట్‌పాత్ మీద సిమెంటు పలకలు ఆగిపోయి నున్నటి గ్రానైటు మొదలైన చోటు నుంచి సాధారణంగా వారి ఆవరణే అనుకోవాలి. అక్కడ యజమాని పెట్టిన నియమమే చెల్లుతుంది కాబట్టి, గార్డు వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవడమే సరైనది. రోడ్డు మీద నిలబడి అదే భవనాన్ని తీయడాన్ని నిషేధించే సాధారణ చట్టం మాత్రం మన దేశంలో లేదు. అయితే 1923 నాటి అధికార రహస్యాల చట్టం కింద నిషిద్ధ స్థలాలైన సైనిక స్థావరాల వంటి వాటి దగ్గర ఈ వాదన పనికిరాదు.

తరువాత యూనిఫాం చూడండి. విమానాశ్రయంలో ఉండే సీఐఎస్ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) జవానుకు అరెస్టు చేసే అధికారం చట్టమే ఇచ్చింది. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు పొందిన ఏజెన్సీ పంపిన ప్రైవేటు గార్డుకు పోలీసు అధికారాలు లేవు. తన కళ్ల ముందు బెయిలు దొరకని, వారంటు అవసరం లేని నేరం జరిగితే ఏ పౌరుడైనా చేయగలిగినట్టే నిందితుణ్ణి పట్టుకుని, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించగలడు, అంతే. ఫొటో తీయడమొక్కటే అలాంటి నేరం కాదు. కెమెరా లాక్కోవడానికి గాని, ఫొటోలు బలవంతంగా డిలీట్ చేయించడానికి గాని అతనికి హక్కు లేదు.

ఇంత తెలిసినా సెక్షన్ల నంబర్లు వల్లించకండి. తరచుగా పన్నెండు గంటల డ్యూటీలో నిలబడే ఆ మనిషి తన సూపర్‌వైజరు చెప్పిందే మీకు చెబుతున్నాడు. కెమెరాను మెడలోనే వేలాడనిచ్చి, "అన్నా, నేను రోడ్డు మీదే ఉన్నాను, బిల్డింగ్ ముందుభాగం తీసుకుంటున్నాను, కావాలంటే మీ సూపర్‌వైజర్ గారిని పిలవండి" అనండి. చేయి వేస్తే వెనక్కి తగ్గి 112కు ఫోన్ చేయండి. పోలీసులు వచ్చి కెమెరా స్వాధీనం చేసుకుంటే పంచనామా నకలు అడగండి.

ఈ వారం అభ్యాసంగా, మీ ఊరి వాణిజ్య వీధిలో కెమెరా లేకుండా నడిచి, ప్రతి పెద్ద భవనం ముందూ ప్రజల దారి ఎక్కడ ముగుస్తుందో కాగితం మీద గీయండి. గోల్కొండ వంటి రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ వాడటానికి పురావస్తు శాఖ అనుమతి కోరుతూ దరఖాస్తు రాయడం 5వ పాఠంలో నేర్చుకుందాం.